బతుకమ్మ ఆడడానికి మొదటిసారి వస్తున్నారా? వరంగల్, హనుమకొండలో తరచుగా అడిగే ప్రశ్నలు

పెత్రమాస (భాద్రపద అమావాస్య) ఇంకా వారం ఉందనగా మా కాలనీ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి, అవీ ప్రతి ఏడూ అవే ప్రశ్నలు. కొత్తగా కిరాయికి దిగినవాళ్లు, బదిలీ మీద వచ్చినవాళ్లు, కొత్త కోడళ్లు, ఎన్‌ఐటీలో చదివే పిల్లలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. పూజా విధానం కోసం వచ్చినవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. నేను రాసేది పాట గురించి, ఆట గురించి, పక్కన నిలబడి చప్పట్లు కొట్టే మనుషుల గురించి.

ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడికి రావాలి?

భాద్రపద అమావాస్య సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వస్తుంది, 2025లో సెప్టెంబరు 21న మొదలైంది. మొదటి రోజు హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి ముందు వందల బతుకమ్మలు ఒక్కచోట చూడాలంటే ఆ రోజే చూడాలి, కాదనను. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర కూడా అంతే. టీవీలో చూపించేదీ, ఫోన్లలో తిరిగేదీ ఎక్కువగా ఈ రెండు చోట్లే కాబట్టి కొత్తవాళ్లు నేరుగా అక్కడికే పోతారు, పోయి తోపులాటలో గంటసేపు నిలబడి ఒక్క పాట కూడా సరిగ్గా వినకుండా తిరిగొస్తారు. నా మాట వింటే మూడో రోజో నాలుగో రోజో మీ వాడలోనే, దగ్గర్లో ఉన్న గుడి ముందరో బడి గ్రౌండులోనో మొదలుపెట్టండి. ఇరవై ముప్పై మంది ఉంటారు, ఎవరేం పాడుతున్నారో చెవిన పడుతుంది, అడుగు తప్పినా ఎవరూ పట్టించుకోరు.

ఆరో రోజు మాత్రం రాకండి. అది అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుచీర కట్టుకుని వచ్చి ఖాళీ గ్రౌండులో నుంచి ఫోన్ చేస్తారు. ఇంకో సంగతి, సద్దులు అన్ని ఊళ్లలో ఒకే రోజు ఉండవు, వేములవాడలో ఏడో రోజే చేసుకుంటారు. తిథి రెండు రోజుల మీద పడ్డ ఏడాది అయితే ఇవాళా రేపా అని ఊరంతా టెన్షన్, దగ్గర్లో ఉన్న గుడి పూజారిని అడిగితే తేలిపోతుంది.

నాకు ఒక్క పాట కూడా రాదు. వచ్చి ఏం చేయను?

అందుకోండి. బతుకమ్మ పాటలో ఒకరు చరణం చెప్తారు, మిగతావాళ్లు ఆ చరణాన్ని గానీ దాని చివర ఉండే పల్లవి మాటను గానీ అందుకుంటారు. ఉయ్యాలో అనో, చందమామ అనో, వలలో అనో, గౌరమ్మ అనో ఆ మాట ఉంటుంది. మొదటి సాయంత్రానికి మీకు ఉయ్యాలో ఒక్కటి వస్తే చాలు. ఇది కొత్తవాళ్ల మీద జాలిపడి చెప్తున్న మాట అనుకోకండి. పాట చెప్పే ఆమెకు గుక్క తిప్పుకునే సందు, తర్వాతి చరణం గుర్తు తెచ్చుకునే సందు ఆ ఉయ్యాలో దగ్గరే దొరుకుతుంది. అందుకునేవాళ్లు లేకపోతే ఎంత గొంతున్న మనిషైనా పది నిమిషాలకు అలసిపోయి పక్కకు తప్పుకుంటుంది. పాటలు బాగా వచ్చినవాళ్లు ఐదుగురున్నా అందుకునే నోళ్లు లేని గుంపు తొందరగా విడిపోవడం నేను చూశాను, ఒక్క ముసలామెకే పాటలొచ్చి మిగతా అందరూ గట్టిగా అందుకునే గుంపు రాత్రి దాకా ఆగకపోవడమూ చూశాను.

చప్పట్ల సంగతి. కొన్ని పాటలకు ఒక్క చప్పట్లే, కొన్నింటికి రెండు, మూడు. వంగి కొట్టి, లేచి అడుగు వేయాలి. మీ ముందు నడిచే ఆమె చేతులు చూడకండి, ఆమె నడుము చూడండి, ఎప్పుడు వంగుతుందో అప్పుడే మీరూ వంగితే చేతులు వాటంతట అవే కలుస్తాయి. గుంపు మరీ పెద్దదైతే అటు చివరివాళ్లకు పాట ఆలస్యంగా చేరి చప్పట్లు వెనకబడతాయి, అప్పుడు ఎవరూ ఏమీ అనకుండానే గుంపు రెండుగా చీలిపోతుంది. పక్కపక్కనే రెండు గుంపులు రెండు వేరే పాటలు పాడుకుంటున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు, కాసేపటికి మీకూ ఉండదు.

పాట ఎవరు మొదలుపెడతారు? ముందే పేర్లు ఇవ్వాలా?

పేర్లు లేవు, స్టేజీ లేదు, మైకు లేదు (ఉన్నచోట సంగతి కింద చెప్తా). పేర్చిన బతుకమ్మలు మధ్యలో పెట్టి చుట్టూ నిలబడ్డాక కాసేపు నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటారు. చివరికి ఒకామె కొంగు నడుముకు దోపుకుని గొంతు సవరించుకుంటుంది, అంతే. ఎక్కువగా పెద్దవయసు ఆమే అయి ఉంటుంది, ఎందుకంటే కథ పాటలు ఆమెకే వస్తాయి. ధర్మాంగదుడు అనే రాజుకూ సత్యవతికీ నూర్గురు కొడుకులు పోయాక బతుకమ్మ పుట్టిన కథ, రామాయణంలో ఘట్టాలు, అత్తగారింటికీ తల్లిగారింటికీ మధ్య నలిగే ఆడబిడ్డ కథలు, ఇవి ఐదు నిమిషాల్లో అయ్యేవి కావు. గొంతు అలిసినప్పుడు ఆమె పక్కనున్నామె భుజం మీద తట్టి నువ్వు ఎత్తుకో అంటుంది, కథ ఆగకుండా గొంతు మారుతుంది. మధ్యలో చరణం మర్చిపోతే అవతలి వైపు నుంచి ఎవరో అందిస్తారు, ఒక్కోసారి ఇద్దరు రెండు రకాలుగా అందిస్తారు, మా ఊళ్లో ఇట్లనే అంటరు అని ఒకరు, కాదు మా ఊళ్లో ఇట్లా అని ఇంకొకరు. తల్లిగారిళ్లు వేర్వేరు మరి. ఒకరు నర్సంపేట దిక్కు నుంచి, ఒకరు పరకాల దిక్కు నుంచి, ఒకరు హుజూరాబాద్ నుంచి తెచ్చుకున్న పాటలు ఈ గ్రౌండులోనే కలుస్తాయి. పండగకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు అత్తగారి ఊరి పాటలు ఇక్కడికి మోసుకొస్తారు, కొత్త పాట విని ఇదెక్కడిదే అని మిగతావాళ్లు అడిగి మరీ నేర్చుకుంటారు.

ఆడపిల్లలు ముందే నేర్చుకోవాలంటే బొడ్డెమ్మ ఉండనే ఉంది. పెత్రమాసకు ముందు పెళ్లికాని ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మ చేసి పూలు పెట్టి చుట్టూ ఆడతారు. ఊళ్లలో పాటలు వాళ్లకు అక్కడే నోటికి వచ్చేవి. టౌనులో తగ్గిపోయింది, మీ అపార్ట్‌మెంట్ కింద నాలుగు సాయంత్రాలు పిల్లలతో మొదలుపెట్టి చూడండి, కాస్త మట్టి, కాసిన్ని పూలు, అంతకంటే ఖర్చు లేదు.

డీజే పెడుతున్నారు కదా, అదైతే పాటలు రాకపోయినా ఇబ్బంది లేదు కదా?

ఈ ప్రశ్నకు నేను నెమ్మదిగా జవాబు చెప్పలేను. డీజే పెట్టగానే ముందుగా జరిగేది, పాట చెప్పే పెద్దమ్మలు వెళ్లి గోడ పక్కన కుర్చీలలో కూర్చుంటారు. ఎవరూ వాళ్లను పొమ్మనరు. కానీ ఆ మోత మీద వాళ్ల గొంతు వినపడదు, ఆ వేగానికి వాళ్ల మోకాళ్లు రావు. తర్వాత పడుచు పిల్లలు బాగానే ఆడతారు, చూడ్డానికీ బాగుంటుంది, కానీ ఎవరి నోరూ కదలదు. గంట గడిచాక చూస్తే నూరు మంది ఉన్న గ్రౌండులో పాడుతున్నది బాక్సు ఒక్కటే. రికార్డు పాట మన కోసం ఆగదు, పక్కామె పేరు అందులోకి రాదు, ఈ ఏడు పత్తికి ధర పలకలేదన్న మాట రాదు. నోటి పాటలో అవన్నీ వస్తాయి. పోయిన ఏడు మా గుంపులో ఒకామె కథ పాట మధ్యలో, కరెంటు పోగానే, అదే బాణీలో కరెంటు ఆఫీసోళ్లను నాలుగు చరణాలు కడిగేసింది. ఉయ్యాలో అని అందుకోవడానికి నవ్వు ఆపుకోలేక చచ్చాం.

మరి ఏం చేయొచ్చు? డీజే వద్దే వద్దని కొట్లాటకు దిగితే పని కాదు, డబ్బులు వసూలు చేసి తెచ్చిన పిల్లలకు కోపం వస్తుంది, వాళ్లూ మన పిల్లలే. పంచుకోండి. చీకటి పడేదాకా నోటి పాట, ఆ తర్వాత బాక్సు అని మొదటి రోజే మాట అనుకోండి, రోజూ సాయంత్రం కొట్లాట ఉండదు. రాత్రి పది దాటాక బయట లౌడ్ స్పీకర్ పెట్టొద్దని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, పండగలకు కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ అది ప్రభుత్వం ఇస్తేనే. మైకు మాత్రం నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద: మైకు చేతులు మారాలి. ఒక్కరే పట్టుకుని కూర్చుంటే అది ప్రోగ్రాం అయిపోతుంది, మిగతావాళ్లు చూసేవాళ్లయిపోతారు.

ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. ఒంటరిగా వస్తే బాగుంటుందా?

బాగుంటుంది. బతుకమ్మను తీసుకెళ్లి మధ్యలో మిగతావాటి పక్కన పెట్టండి, అంతకంటే పరిచయం అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో ఎవరో ఒక పెద్దామె ఏ ఊరు బిడ్డా మీది, ఏ గల్లీల ఉంటరు, పిల్లలెందరు అని వరసగా అడుగుతుంది. అది ఆరా తీయడం అనుకుని ముడుచుకుపోకండి. మీరు చెప్పిన ఊళ్లో ఆమెకు చుట్టం ఒకరు తప్పకుండా తేలుతారు. తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, కాజీపేట రైల్వే క్వార్టర్ల దిక్కు వేరే రాష్ట్రాలవాళ్లు ఎందరో, వాళ్లకు చందమామ అని అందుకోవడానికి భాష అడ్డు రాదు.

బతుకమ్మ పేర్చడం రాదు. ఉత్త చేతులతో రావచ్చా?

రావచ్చు, ఆడొచ్చు. కానీ ఒక్కసారైనా పేర్చి చూడండి. తాంబాలంలో గుమ్మడి ఆకులో ఆముదం ఆకులో పరిచి, చుట్టూ తంగేడు మొదటి వరస, దాని మీద గునుగు, మధ్యమధ్యలో బంతి, కట్ల పూలు, సీతజడ. గునుగు కట్టడంలోనే ఉంది ఓపికంతా: పదిపన్నెండు పూలు తల ఎత్తు సమానంగా చూసి దారంతో కట్టి, కాడలు కత్తిరించి, తెల్లటి కొసలను రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. కత్తిరించిన కాడలూ ఆకులూ పారేయకండి, వరస వరసకూ లోపల అవే నింపి చేత్తో నొక్కుతూ పోవాలి, లేకపోతే సగం దారిలో బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతుంది. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. సద్దుల నాడు మార్కెట్లో పూల ధర వింటే గుండె ఆగుతుంది. బైకు మీద ఊరి బయటకు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే తంగేడు, గునుగు నలుగురికీ సరిపడా తెప్పించుకోండి, చేను గట్ల మీద, చెరువు కట్టల మీద వాటికి కొదవ లేదు. పూలు మిగిలినవాళ్లు పక్కింటికి ఇవ్వడం, లేనివాళ్లు వెళ్లి అడగడం, రెండూ మామూలే, అడగడానికి సిగ్గుపడకండి.

మగవాళ్లు రావచ్చా?

ఆట ఆడవాళ్లది. మగవాళ్లకు పని తక్కువేమీ లేదు: పొద్దున్నే పూలు తేవడం, బరువైన బతుకమ్మను చెరువు దాకా మోయడం, నీళ్లలోకి దిగి వదలడం. డప్పులవాళ్లు ముందు నడిస్తే ఊరేగింపు తీరే వేరు. గుంపు చుట్టూ బైకుల మీద కూర్చుని చూడడం మాత్రం పని కిందికి రాదు.

కులం, మతం అడుగుతారా?

కాలనీల్లో ఎవరూ అడగరు. ఎదురింటి ముస్లిం ఆమె పిల్లను ఎత్తుకుని వచ్చి చప్పట్లు కొడితే వింతగా చూసే వరంగల్ కాదిది. కానీ ఉన్నదంతా మంచే అని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో వాడవాడకూ బతుకమ్మ వేరు, దళితవాడ ఆడబిడ్డలు ఊరి మధ్యకు వచ్చి ఆడడం గురించి గొడవలు జరిగినచోట్లూ ఉన్నాయి. పాట అందరిదీ అని మురిసిపోయే ముందు మన ఊళ్లో ఎవరు ఎక్కడ ఆడుతున్నారో ఒకసారి తిరిగి చూడాలి.

భర్త పోయిన ఆడవాళ్లు రావచ్చా అని ఇద్దరు ముగ్గురు నన్ను విడిగా అడిగారు, గ్రూపులో అడగలేక. రండి. పసుపు కుంకుమ పెట్టే దగ్గర చేయి వెనక్కి తీసేవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్ల తీరు మారడానికి టైం పడుతుంది. పాట దగ్గర అట్లాంటి గీత లేదు. మా వాడలో కథ పాటలు పూర్తిగా వచ్చిన ఇద్దరు పెద్దమ్మలూ భర్త పోయినవాళ్లే, వాళ్లు రాకపోతే మాకు మిగిలేది డీజేనే.

తినడానికి ఏం తేవాలి?

రోజుకో పలారం ఉంటుంది. అటుకుల రోజు అటుకులు బెల్లం, తర్వాత ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఏడో రోజు వేపకాయల ఆకారంలో చేసి వేయించిన బియ్యప్పిండి, ఎనిమిదో రోజు నువ్వులు వెన్న బెల్లం. సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, వీటితోపాటు మలీద. చపాతీలు ముక్కలుగా చేసి బెల్లం నెయ్యి వేసి పిసికిన మలీద ఇష్టం లేనివాళ్లను నేనింకా చూడలేదు. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అనుకుంటూ ఇచ్చిపుచ్చుకుంటారు, తర్వాత అక్కడే కూర్చుని డబ్బాలు తెరుస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి మీ చేతిలో సత్తుపిండి పెట్టి పోతుంది, మీరూ అట్లాగే పెట్టాలి. కాబట్టి మీ ఇంటికి సరిపడా అని కొలిచి తేకండి. డిస్పోజబుల్ ప్లేట్లు వద్దు, విస్తరాకు ముక్కలో అరచెయ్యో చాలు.

వాన పడితే?

పూలకు వాన అడ్డం కాదు. చీర తడుస్తుంది, అంతే. పిడుగులు పడుతుంటే మాత్రం చెట్ల కిందికి పోకుండా గోడలున్న గుడి లోపలికి వెళ్లండి, పాట అక్కడ ఇంకా బాగా వినిపిస్తుంది.

వీడియో తీసుకోవచ్చా?

మీవాళ్లను తీసుకోండి. గుంపు మధ్యలోకి చేయి చాపి రీల్స్ తీస్తుంటే అడుగులు తప్పుతాయి, చిరాకూ వస్తుంది. నేను బతిమాలి అడిగేది ఒక్కటే: పెద్దవాళ్లు పాడుతుంటే ఫోన్ పక్కన పెట్టి ఆడియో రికార్డు చేయండి, ముందు వాళ్లనడిగి. ఆట మధ్యలో కంటే మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, పూలు పేర్చుతున్నప్పుడు అడిగితే ఇంకా బాగా పాడతారు, చేతులు పనిలో ఉంటే చరణాలు వాటంతట అవే వస్తాయి. ఊరి పేరు, పాడినామె పేరు, ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా ఆ రికార్డులోనే చెప్పించండి.

చెరువు దగ్గర ఏం జాగ్రత్తలు?

సద్దుల నాడు వానాకాలం నీళ్లు నిండుగా ఉంటాయి, మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. పిల్లలను ఒడ్డునే ఉంచండి. నీళ్లలోకి దిగేది ఈత వచ్చినవాళ్లే, అదీ ఇద్దరు ముగ్గురే. ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్, మెరుపు కాగితాలు పెట్టి పేర్చిన బతుకమ్మను చెరువులో వదలొద్దు. తంగేడు పూలు నీళ్లకు మంచి చేస్తాయని గొప్పగా చెప్పుకుంటూ వాటితోపాటు కవర్లు వదిలితే ఏం మర్యాద?

రాను పోను ఎట్లా?

సద్దుల సాయంత్రం గుడి దారుల్లో బండ్లు ఆపేస్తారు, కారు మాట మర్చిపోండి. ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు, 2023 డిసెంబరు నుంచి ఉన్నదే, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ దగ్గర పెట్టుకోండి. తిరుగు బస్సులో జాగా దొరకదు, దొరక్కపోయినా పాట ఆగదు.

ఆ తొమ్మిది రోజులు కుదరలేదు. ఆరుబయట మన పాట వినాలంటే ఇంకెప్పుడు?

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోండి, హనుమకొండ నుంచి గంటలోపే. మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారులు రంగు పొడులతో పట్నం అనే పెద్ద ముగ్గు వేస్తుంటే, డోళ్లు మోగుతుంటే రాత్రి ఎప్పుడు తెల్లారిందో తెలియదు. కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాత ఉగాది దాకా ఆదివారాలు పట్నాలే. మేడారం రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి. ఆదిలాబాద్ దిక్కు పోగలిగితే పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశంవాళ్ల నాగోబా జాతర, దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారి, గుస్సాడి ఆట. కానీ వీటికీ బతుకమ్మకూ ఒక తేడా ఉంది. ఒగ్గు కథ చెప్పేవాళ్లు తరతరాలుగా దాన్నే నేర్చుకున్నవాళ్లు, గుస్సాడి వేసేవాళ్లు దీక్ష పట్టినవాళ్లు, అక్కడ మనం చూసేవాళ్లం, వినేవాళ్లం. పద్ధతి అడిగి, వాళ్లు నిలబడమన్నచోట నిలబడండి. ఫోన్ జేబులో ఉంచండి, రాత్రి చలికి దుప్పటి తీసుకుపోండి.